ఒళ్ళు మాది, చిట్టా ఎవరిది?

దళిత పత్రికలో లావు మనుషుల గురించి సంపాదకీయం ఏందని కొందరు మిత్రులు అడగొచ్చు. మన వాడల్లో ఇంకా రక్తం లేని తల్లులు, బరువు చాలని బిడ్డలు ఉండగా, అమెరికాలో తిండి ఎక్కువై ఒళ్ళు పెంచుకున్నవాళ్ళ గోడు మనకెందుకు అని కూడా అనొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కాని ఆ ప్రశ్నలోనే ఒక తీర్పు దాక్కుని ఉంది చూడండి. "తిండి ఎక్కువై" అన్నాం. ఎవరు చెప్పారు మనకి? లావుగా ఉన్నవాడు తిండిపోతు, సోమరి, మనసు మీద అదుపు లేనివాడు అనే జ్ఞానం ఎక్కడిది? మాల మాదిగలు తాగుబోతులు, శుభ్రం తెలియనివాళ్ళు, చదువబ్బనివాళ్ళు అనే జ్ఞానం ఊరికి ఎక్కడినుంచి వచ్చిందో ఇదీ అక్కడినుంచే వచ్చింది. చూసి రాసేవాడు ఒకడు, రాయబడేవాడు ఇంకొకడు. రాయబడేవాడు నోరు తెరిస్తే అది సాకు. చూసేవాడు రాస్తే అది శాస్త్రం.

మేం ఇక్కడ మాట్లాడదలుచుకున్నది ఆ రాత గురించి, ఆ చిట్టా గురించి. అమెరికాలో లావు మనుషులు యాభై ఏళ్ళ కిందటే ఆ చిట్టా తెరిపించి చదివారు. తర్వాత తమ ఒంటి లెక్క తామే రాసుకోవడం, ఒకరితో ఒకరు పంచుకోవడం మొదలుపెట్టారు. అందులో మనం నేర్చుకోవాల్సిందీ ఉంది, జాగ్రత్త పడాల్సిందీ ఉంది.

ముందు పేరు సంగతి. పాత తెలుగులో లావంటే బలం. గజేంద్రమోక్షం పాఠం చెప్పేటప్పుడు తెలుగు పంతులు ఈ అర్థం పనిగట్టుకుని చెప్పాలి, లేకపోతే పిల్లలు ఏనుగు చిక్కిపోయిందనుకుని నవ్వుతారు. బలం అనే మాట ఎట్లాగో తిట్టయింది. ఆస్పత్రి వాళ్ళు దానికి ఊబకాయం, స్థూలకాయం అని పేర్లు పెట్టారు. అమెరికా ఉద్యమకారులు డాక్టర్ల పేరు మాకొద్దన్నారు. వీధిలో తిట్టుగా వాడే "ఫ్యాట్" అనే మాటనే తమ పేరుగా తీసుకున్నారు. మనకిది కొత్త కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగిన తర్వాత పేరు చివర మాదిగ అని రాసుకుని తిరిగారు మనవాళ్ళు. తిట్టుని పేరు చేసుకుంటే తిట్టేవాడి నోట్లో కత్తి మొద్దుబారుద్ది. కనుక మేం కూడా లావు మనుషులు అనే రాస్తాం.

1967లో లూవెలిన్ లౌడర్‌బ్యాక్ అనే రచయిత అక్కడి ఒక పెద్ద పత్రికలో లావు మనుషుల పక్షాన వ్యాసం రాశాడు. అది చదివి బిల్ ఫేబ్రీ అనే ఇంజనీరు, తన భార్యని లోకం చూసే తీరు భరించలేక, 1969లో న్యూయార్క్‌లో ఒక సంఘం పెట్టాడు. దాన్ని నాఫా అంటారు, ఇప్పటికీ ఉంది. కాని ఆ సంఘం నెమ్మది సంఘం. లాస్ ఏంజెలస్‌లోని కొందరు ఆడవాళ్ళకి ఆ నెమ్మది నచ్చలేదు. "ఫ్యాట్ అండర్‌గ్రౌండ్" అని తమ గుంపు కట్టుకున్నారు. జూడీ ఫ్రీస్పిరిట్, ఆల్డెబరాన్ అనే ఇద్దరు 1973 నవంబర్‌లో ఒక ప్రణాళిక రాశారు. అందులో మర్యాద కావాలన్నారు, సమాన హక్కులు కావాలన్నారు, సరే, ఏ ఉద్యమమైనా అడిగేవే. మేం అడుగుతున్నది ఇంకో డిమాండ్ చూడమని. ఒళ్ళు తగ్గిస్తామని వ్యాపారం చేసే కంపెనీలన్నీ తమ మందులు, తమ పథ్యాలు చాలా ఏళ్ళ తర్వాత కూడా పనిచేశాయని రుజువు చేసే లెక్కలు బయటపెట్టాలన్నారు. దయ చూపమని కాదు, లెక్క చూపమని అడిగారు.

లెక్క అడగాలంటే లెక్క చదవడం రావాలి. వీళ్ళు డాక్టర్లు కారు. అయినా వైద్య గ్రంథాలయాలకి పోయి, డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకునే పత్రికలు ముందేసుకుని కూర్చున్నారు. మన ఊళ్ళల్లో 1984లో కరణాల పదవి పోయేదాకా అడంగల్ కరణం సంచిలో ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో దున్నేవాడికి తెలియదు, కరణానికి తెలుసు. ఆ సంచి తీసి చదివినవాడికే తన భూమి ఎట్లా పోయిందో అర్థమయ్యేది. ఇదీ అట్లాంటి పనే. ఆ పత్రికల్లో ఏముంది? 1959లో స్టంకార్డ్ అనే డాక్టరు, ఇంకో పరిశోధకురాలు కలిసి రాసిన కాగితం ఒకటి ఉంది. న్యూయార్క్‌లో ఒక ఆస్పత్రి పోషకాహార విభాగానికి ఒళ్ళు తగ్గడం కోసం వచ్చిన 100 మందిని వాళ్ళు గమనించారు. 20 పౌన్లు, అంటే 9 కిలోలు తగ్గినవాళ్ళు 12 మంది. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ తగ్గుదల నిలబెట్టుకున్నవాళ్ళు ఇద్దరు. నూటికి ఇద్దరు!

ఇది దొంగచాటు కాగితం కాదు. అచ్చులోనే ఉంది. డాక్టర్లకి తెలుసు. తెలిసి కూడా మిగతా 98 మందితో "నీకు పట్టుదల లేదు" అన్నారు. ఒక మందు నూటికి 98 మందికి పనిచేయకపోతే మందు చెడ్డదంటారు. ఇక్కడ మనుషులే చెడ్డవాళ్ళయ్యారు. బడిలో నూరుమందిలో 98 మంది తప్పితే పంతుల్ని అడగాలి గదా. మేం పంతుళ్ళం కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాం.

అసలు ఎవరు లావు, ఎవరు కాదు అనే గీత ఎవరు గీశారు? మొదట్లో గీసింది డాక్టర్లు కూడా కాదు, బీమా కంపెనీలు. అమెరికాలో మెట్రొపాలిటన్ లైఫ్ అనే జీవిత బీమా కంపెనీ 1940ల్లో ఎత్తుకి తగ్గ బరువు పట్టికలు వేసింది. బీమా చేయించుకునే స్తోమత ఉన్నవాళ్ళ లెక్క అది. బీమా కట్టలేని నల్లవాళ్ళు, కూలీలు అందులో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. తర్వాత వచ్చింది బీఎంఐ. బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. 1830ల్లో కెట్లే అనే బెల్జియం గణిత శాస్త్రవేత్త సగటు మనిషి ఎట్లా ఉంటాడో తెలుసుకోవడానికి కట్టిన సూత్రం. రోగుల్ని చూడటానికి కాదు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. 1998లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ గీతని సుమారు 27 నుంచి 25కి దించింది. ముందురోజు దాకా మామూలుగా ఉన్న కోట్లమంది తెల్లారేసరికి అధిక బరువువాళ్ళయ్యారు, ఒక్క గ్రాము పెరక్కుండానే. 2009లో మన దేశం డాక్టర్లు ఇంకా దించారు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. మనవాళ్ళకి తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది గనుక అన్నారు. ఆ కారణంలో నిజముంది, కాదనం. కాని అయిదడుగుల ఆడమనిషి 58 కిలోలు దాటితే ఆమె ఊబకాయురాలని లెక్క. నాట్లేసే మా వాడ ఆడవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? వాళ్ళని అడిగి ఎవరైనా గీత గీశారా?

గీత వేయొద్దని మేం అనడం లేదు. గీత గీసే కాడ గీయించుకునేవాడు కూడా ఉండాలంటున్నాం. 2023లో అమెరికా వైద్య సంఘం తానే ఒప్పుకుంది, ఈ కొలత ముఖ్యంగా తెల్లవాళ్ళ ఒళ్ళని చూసి కట్టిందని, దాన్ని జాతి వివక్షకి వాడుకున్నారని, అదొక్కటే చూసి వైద్యం చేయొద్దని. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక కూర్చిన పెద్ద డాక్టర్ల బృందం కూడా బీఎంఐ ఒక్కటీ చాలదంది. లావు మనుషులు ఆ మాట 50 ఏళ్ళ నుంచి అంటున్నారు. అప్పుడది సాకు. ఇప్పుడు శాస్త్రం.

ఇక ఎవరి లెక్క నిలుస్తుంది, ఎవరిది రాలిపోతుంది అనేదానికి ఒక ఉదాహరణ. 1994లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక రిజిస్టర్ తెరిచారు. 30 పౌన్లు తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్నవాళ్ళు అందులో పేరు రాయించుకోవచ్చు. ఏం తింటారు, ఎంత నడుస్తారు అని అడుగుతారు. పదివేల మందికి పైగా చేరారు. మంచిదే. కాని తగ్గి మళ్ళీ పెరిగినవాళ్ళకి అట్లాంటి రిజిస్టర్ ఏది? ఆ పరిశోధకులు తమది అందరి లెక్క అని ఎప్పుడూ అనలేదు. అనేది పేపర్లు. "పదివేల మంది చేశారు, నువ్వెందుకు చేయలేవు" అని. మన కార్పొరేట్ కాలేజీలు ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు బస్టాండ్ గోడలకెక్కిస్తాయి. మధ్యలో మానేసిన పిల్లల ఫోటోలు ఏ గోడ మీదా ఉండవు. తగ్గి మళ్ళీ పెరిగినవాళ్ళు ఆ గోడ మీద లేని పిల్లలు. లావు మనుషుల సంఘాలు తమ సభల్లో, తమ చిన్న పత్రికల్లో, ఉత్తరాల్లో పోగుచేస్తూ వచ్చింది వీళ్ళ లెక్కే. ఎన్నిసార్లు పథ్యం చేశావు, ఎంత తగ్గావు, ఎంత తిరిగొచ్చింది, ఏ డాక్టరు ఏమన్నాడు, ఏ పరీక్ష రాయలేదు.

ఆ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. వాళ్ళు పోగేసిన అనుభవాల్లో పదే పదే కనిపించేది ఒకటే. మోకాలు నొప్పని పోతే బరువు తగ్గమన్నారు. ఆయాసమని పోతే బరువు తగ్గమన్నారు. చెవిపోటని పోయినా బరువు తగ్గమన్నారు. పరీక్ష రాయరు, చేయి వేసి చూడరు. 2018లో కెనడాలోని విక్టోరియా నగరంలో 64 ఏళ్ళ ఒక స్త్రీ కేన్సర్‌తో చనిపోయింది. కొన్నేళ్ళుగా ఒంట్లో బాగాలేదని తిరిగితే ప్రతిచోటా బరువు మాటే చెప్పారు. కేన్సర్ అని తేలేసరికి బతికే రోజులు లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఆమె తన చావు కబురులోనే ఈ సంగతి వేయించింది, లావు ఆడవాళ్ళు తమ వైద్యం కోసం కొట్లాడాలని కోరింది. చావు కబుర్ని సాక్ష్యం చేసింది ఆమె.

డాక్టరమ్మ మనల్ని తాకకుండా మందు చీటీ రాసి పంపడం మనవాళ్ళు ఎరగనిది కాదు. దూరం నుంచి చూసి రోగం చెప్పే వైద్యం మనకి తాతల నాటి నుంచి తెలుసు. కాకపోతే మనకి కులం అడ్డం, వాళ్ళకి కొవ్వు అడ్డం. రెండూ ఒకటని మేం అనం. లావు మనిషి ఇంటికి నిప్పు పెట్టరు, కారంచేడు చేయరు. ఆ తేడా మరిచిపోతే మన చచ్చిపోయినవాళ్ళకి ద్రోహం చేసినట్టే. కాని తాకకుండా తీర్పు చెప్పే అలవాటు మాత్రం ఒకటే.

ఇప్పుడు కొలత సంగతి ఒకటి చెబుతాం, ఇది మన పీహెచ్‌సీలో కూడా రేపే చూసుకోవచ్చు. బీపీ చూసేటప్పుడు జబ్బకి కట్టే పట్టీ ఉంటుంది గదా. జబ్బ లావుగా ఉన్నవాళ్ళకి మామూలు పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువ? అమెరికాలో బాల్టిమోర్ నగరంలో మనుషుల్ని పెట్టి చూసి 2023లో ఫలితం అచ్చేశారు. అన్నిటికంటే పెద్ద పట్టీ కావాల్సినవాళ్ళకి మామూలు పట్టీ కడితే పై అంకె దాదాపు 20 ఎక్కువ చూపించింది. అంటే 125 ఉన్న మనిషికి 145 అని రాస్తారు. బీపీ రోగి అంటారు. రోజుకో మాత్ర, జీవితాంతం. తర్వాత ఆ చిట్టాలన్నీ కూడేసి "లావు మనుషుల్లో బీపీ ఎంత ఎక్కువో చూడండి" అంటారు. లావు మనుషుల్లో బీపీ ఎక్కువన్నది మొత్తం అబద్ధం కాదు. కాని అందులో ఎంత వాటా మనిషిది, ఎంత వాటా పట్టీది? పట్టీ సైజు చిట్టాలో రాయకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. లావు మనుషుల సంఘాలు ఏళ్ళుగా తమవాళ్ళకి చెబుతున్నది ఇదే, పెద్ద పట్టీ అడగండి, లేదంటే ఆ అంకె ఒప్పుకోకండి అని.

చిట్టాలో పడనిది లేనట్టే లెక్క. మా ఎరుకలో ఒక బడికి ఆరోగ్య తనిఖీకి వచ్చినవాళ్ళు ఎనిమిదో తరగతి ఆడపిల్లని కాటా ఎక్కించి బరువుని గట్టిగా చదివారు. క్లాసు నవ్వింది. మరుసటేడు తనిఖీ రోజున ఆ పిల్ల బడికి రాలేదు. రిజిస్టర్లో గైర్హాజరు అని పడింది. ఎందుకు గైర్హాజరో రాసుకునే గడి ఆ రిజిస్టర్లో లేదు.

ఒక్కోసారి చిన్న చేతి చిట్టా పెద్ద కంపెనీల్ని కూల్చుద్ది. 1990ల్లో అమెరికాలో ఒళ్ళు తగ్గడానికి రెండు మందులు కలిపి మింగించారు, ఫెన్-ఫెన్ అనేవాళ్ళు. దానికి దగ్గరి మందు ఇంకొకటి 1996లో అనుమతి పొంది అమ్మకానికొచ్చింది. లక్షలమంది మింగారు. నార్త్ డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే పట్నంలో గుండె స్కాన్ తీసే ఒక ఉద్యోగిని, డాక్టరు కాదు, చిన్న వయసు ఆడవాళ్ళ గుండె కవాటాలు వింతగా చెడిపోయి ఉండటం గమనించింది. అందరూ ఈ మందు మింగినవాళ్ళే. ఆమె తనకు తానే ఒక జాబితా రాసుకుంటూ పోయింది. ఆ జాబితా పెద్ద డాక్టర్ల దాకా పోయి, 1997లో 24 మంది ఆడవాళ్ళ వివరాలతో వైద్య పత్రికలో అచ్చయింది. ఆ సెప్టెంబర్‌లోనే మందుల్ని బజారు నుంచి తీసేశారు. అనుమతి ఇచ్చినవాళ్ళ దగ్గర కట్టలకొద్దీ కాగితాలున్నాయి. పట్టుకున్నది మాత్రం చేత్తో రాసుకున్న జాబితా.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన దగ్గరికీ సూదులొచ్చాయి. 2025 మార్చిలో ఒకటి, జూన్‌లో ఇంకొకటి మన దేశంలో అమ్మకానికి పెట్టారు. వారానికొక సూది. షుగర్ ఉన్నవాళ్ళకి మేలు చేస్తాయి, ఒళ్ళు తగ్గిస్తాయి. ఈ మాట దాచడం మాకు చేతకాదు. సెమాగ్లుటైడ్ అనే మందు మీద 1,961 మందితో చేసి 2021లో అచ్చేసిన పరీక్షలో సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గింది. కాని సూది ఆపేశాక ఏమైంది? ఆ పరీక్షలోనే కొందర్ని ఆ తర్వాత ఏడాది గమనించారు. తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. 1959 నాటి కాగితం గుర్తొస్తుందా? పరీక్ష చేయించింది మందు తయారుచేసే కంపెనీయే. సూది ఆపేదెవరు? డబ్బులేనివాడు. రెండు నెలలు అప్పు చేసి పొడిపించుకుని మూడోనెల మానేసిన ఆటో డ్రైవరుకి ఏమైందో ఏ కంపెనీ రాస్తుంది? రాయదు. ఆరెంపీ రాయడు, మందుల షాపతను రాయడు. మనం రాసుకుంటేనే ఉంటుంది.

సరే, రాసుకుందాం. రాసుకున్నది ఎవరికిద్దాం? ఇక్కడ ఆగి ఆలోచించాలి. అమెరికాలో గ్రాండ్ కేన్యన్ లోయలో హవసుపాయ్ అనే ఆదివాసీలున్నారు. షుగర్‌తో కాళ్ళు పోగొట్టుకుంటున్నారు. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ళ రక్తం తీసుకున్నారు. షుగర్ ఎందుకొస్తుందో చూస్తామన్నారు. తర్వాత తెలిసింది, అదే రక్తం మీద పిచ్చి గురించీ, దగ్గర పెళ్ళిళ్ళ గురించీ, వాళ్ళ పూర్వీకులు ఎక్కడినుంచి వలసొచ్చారనే దాని గురించీ పరిశోధనలు చేసి అచ్చేసుకున్నారని. ఆ లోయే మా పుట్టిల్లని నమ్మే జనం వాళ్ళు. కోర్టుకెళ్ళారు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లిచ్చింది, రక్తం వాపసిచ్చింది. కెనడా ఆదివాసీలు ఇట్లాంటివి పడలేకే 1998లో నాలుగు నియమాలు పెట్టుకున్నారు. మా వివరాలు మా సొత్తు, వాటి మీద అదుపు మాది, చూసే హక్కు మాది, అవి ఉండేది కూడా మా దగ్గరే.

మనకి ఖమ్మం చాలదా? 2009లో ఆ జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. ఒక అమెరికా సంస్థ, మన ప్రభుత్వ పరిశోధన మండలి కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పార్లమెంటు కమిటీ 2013లో రిపోర్టు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. తల్లిది కాదు, తండ్రిది కాదు. కొందరు పిల్లలు చనిపోతే దానికి టీకా కారణం కాదని విచారణ తేల్చింది. దాంట్లోకి మేం పోవడం లేదు, టీకా చెడ్డదనీ అనడం లేదు. మా ప్రశ్న సంతకం గురించి. హాస్టల్లో అన్నం పెట్టేవాడు ఒంటికి కూడా యజమాని అవుతాడా?

ఇక లావు మనుషుల ఉద్యమం మీద మా విమర్శ. వాళ్ళ చిట్టాలో తెల్లవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, నగరాలవాళ్ళు ఎక్కువ. ఇది వాళ్ళలోనే కొందరు ఒప్పుకునే సంగతి. జానీ టిల్మన్ అనే నల్లజాతి నాయకురాలు, పేదల సంక్షేమ హక్కుల కోసం పోరాడినామె, 1972లోనే తాను నల్లదాన్ని, పేదదాన్ని, లావుదాన్ని అని ఒక్క గుక్కలో చెప్పుకుంది. మూడూ కలిసి ఉన్న ఒళ్ళు ఆమెది. లావు ఉద్యమం చరిత్ర చెప్పేవాళ్ళు మాత్రం ఎక్కువసార్లు ఆమెని వదిలేసి మొదలుపెడతారు. 2019లో సబ్రీనా స్ట్రింగ్స్ అనే నల్లజాతి ప్రొఫెసరు పుస్తకం రాసి, లావుని ఏవగించుకోవడం వెనక బానిస వ్యాపారం ఉందని, నల్ల స్త్రీ ఒంటిని తక్కువ చేయడం నుంచే అది పెరిగిందని వాదించింది. మనలోనూ ఇదే జరుగుద్ది సుమా. దళితుల లెక్కలో మాదిగ, మాదిగల లెక్కలో రెల్లి, అందరి లెక్కలో ఆడది జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంది. 1994 నుంచి వర్గీకరణ ఉద్యమం అడిగింది ఆ లెక్కే గదా.

ఇంకో విమర్శ. తమకి నచ్చని అంకెని దాచే అలవాటు కొందరిలో ఉంది. 2005లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త కేథరీన్ ఫ్లెగల్ బృందం చావుల లెక్క తీసింది. కొంచెం అధిక బరువున్నవాళ్ళలో చావులు మామూలువాళ్ళకంటే తక్కువ ఉన్నాయని తేలింది. లావు మనుషులు పండగ చేసుకున్నారు. న్యాయమే. కాని అదే కాగితంలో బాగా ఎక్కువ బరువున్నవాళ్ళలో చావులు ఎక్కువని కూడా ఉంది. ఆ రెండోదాన్ని కొందరు చదవరు. మొదటిదాన్ని పెద్ద ప్రొఫెసర్లు కొందరు చదవలేదు, పైగా ఆమె మీద విరుచుకుపడ్డారు. ఇద్దరూ చేసింది ఒకటే. మన లెక్కలో మనకి వ్యతిరేకంగా వచ్చే అంకె కూడా అంతే పెద్ద అక్షరాలతో రాస్తేనే రేపు ఎదుటివాడి అంకెని నిలదీసే హక్కు మనకుంటుంది. మన వాడల్లో షుగర్ పెరుగుతోంది, బీపీ పెరుగుతోంది. కంటికి కనిపిస్తున్నదాన్ని వాళ్ళ కుట్ర అనుకుంటే పోయేది మన కాళ్ళు, మన కిడ్నీలు.

బాబాసాహెబ్ ఈ పని మనకి చూపించే పోయాడు. 1932లో లోథియన్ కమిటీ ఓటు హక్కు గురించి విచారిస్తుంటే, మా ప్రాంతంలో అంటరానివాళ్ళు అసలు లేరు, ఉన్నా కొద్దిమందే అని సవర్ణ పెద్దలు బుకాయించారు. అదే కమిటీలో సభ్యుడుగా ఉన్న అంబేద్కర్ వాళ్ళ అంకెల్ని ఒప్పుకోక విడిగా తన నోట్ రాసి పెట్టాడు. లేరు అన్నవాళ్ళ ముందు ఉన్నాం అని అరవడం ఒకటి, ఇంతమందిమి ఉన్నాం అని కాగితం మీద పెట్టడం ఒకటి. రెండోది చాలా ఓపికతో చేయాల్సిన పని.

కనుక పత్రిక తరఫున ఒక చిన్న పని మొదలుపెడుతున్నాం. పాఠకులు తమ పీహెచ్‌సీకో, ఏరియా ఆస్పత్రికో పోయినప్పుడు మూడు సంగతులు చూసి పోస్టు కార్డు మీద రాయండి. బీపీ పట్టీలు ఎన్ని సైజులున్నాయి, ఏది కట్టారు. కాటా ఎక్కడుంది, తెర వెనకా, నలుగురి ముందా. మీరు చెప్పిన నొప్పికి పరీక్ష రాశారా, బరువు మాట చెప్పి పంపారా. బక్కగా ఉన్నవాళ్ళు కూడా రాయండి, "నీకు రక్తం లేదు, బాగా తిను" అని పంపేసినవాళ్ళ లెక్క కూడా కావాలి. సూది వేయించుకుని మానేసినవాళ్ళు ఎన్ని వారాలు వేయించుకున్నారో, ఎందుకు మానేశారో రాయండి. ఏ ఇబ్బందీ లేకుండా మంచి వైద్యం దొరికినవాళ్ళు తప్పకుండా రాయాలి, అది లేకపోతే మా లెక్క దొంగ లెక్క.

పేరు రాయొద్దు. ఊరు, వయసు, ఆడా మగా, కులం రాస్తే చాలు. డాక్టరు పేరూ వద్దు. కార్డులు ఒక పుస్తకంలోకి ఎక్కించి చింపేస్తాం. ఆ పుస్తకం ఒక్కరింట్లో ఉండదు, రెండు నకళ్ళు రెండు వాడల్లో, ఆడవాళ్ళ దగ్గర ఉంటాయి. ఏ కాలేజీ వాళ్ళొచ్చినా, ఏ సంస్థ వాళ్ళొచ్చినా, కార్డులు రాసినవాళ్ళ సభ పెట్టి అడక్కుండా ఇవ్వం. చదువురానివాళ్ళకి పక్కింటి పిల్లలు రాసిపెట్టాలి, చెప్పింది చెప్పినట్టు, దిద్దకుండా. వచ్చిన కార్డుల మొదటి లెక్క ఆరు సంచికల తర్వాత ఇదే పేజీలో వేస్తాం, పది కార్డులే వస్తే పదనే వేస్తాం.